పదమూడు వందల యాభై

లూయిస్టన్‌లో ఫిబ్రవరి. మంచు తోసే బండి
కిటికీ కింద రెండోసారి పోయింది.
ఒక్కో ఫైలుకి పన్నెండు నిమిషాలు.

లెక్కల్లో ఏడు వందల తొంభై,
చదవడం, రాయడంలో ఐదు వందల అరవై.
ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు వేసుకుని
గుమ్మంలో నిలబడ్డాడు అబ్దిరిజాక్.

వీడికి ముందు ఫైలు టేట్ విట్కమ్‌ది:
ఆరు వందల ఎనభై, ఆరు వందల డెబ్భై.
ఇస్త్రీ మడత.
కూడితే ఇద్దరిదీ పదమూడు వందల యాభయ్యే.
కూడిక ఎంత మర్యాదగా నోరు మూసుకుంటుందో!

"వాక్యాలు కుంటుతున్నాయి," అంటుంది డోరీన్,
"మన దగ్గర మొదటి నెలలోనే నలభై పేజీలు రాయాలి."
నిజమే. కాదనను.

కానీ మూడో పేరాలో వాడు
ఆసుపత్రిలో వాళ్లమ్మకీ డాక్టరుకీ మధ్య కూర్చున్నాడు.
"నొప్పి కాదు, బరువు అంటోంది" అన్నాడట.
డాక్టరు ఆ మాట రాసుకుని
పక్కన ప్రశ్నార్థకం పెట్టాడట.
అసలు మాట కోసం ఆ రాత్రంతా వెతికానని రాశాడు,
'వెతకడం' స్పెల్లింగు తప్పుతో.

సిఫారసు గడిలో మూడు వరుసలే పడతాయి.
మొదటిది రాసి కొట్టేశాను.
నా ఇంగ్లీషూ ఇంకా చెప్పుల్లోనే ఉంది.

పన్నెండు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి.
బండి మళ్లీ వస్తోంది.