నాలుగక్షరాలు

ఉప్పుగూడలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది,
అదీ రాత్రి రెండున్నరకో మూడింటికో.
నీళ్లకన్నా ముందు పైపులో గాలి వస్తుంది
ముసలి పిల్లి గురకలాగ.
అది వినేది మా ఇంట్లో ఒక్కతే.

తొమ్మిదిమందిమి, రెండర్రలు,
అడ్డంగా నిలువుగా పడుకున్న మా కాళ్లమీంచి
మెట్టెల చప్పుడు కాకుండా దాటుకుంటూ పోయి
రోకలిబండతో పక్కింటి గోడమీద మూడు దెబ్బలు వేసేది అమ్మ.
నీళ్లొచ్చినయని తస్లీమ్ ఆపాకి కబురు.
తర్వాత గచ్చుమీద గిన్నెలు వరస పెట్టేది:
ముందు తాగే బిందె, వెనక గుండి,
సర్వలు, గంజులు, ఆఖరికి నీలం డ్రమ్ము.

డ్రమ్ము తప్ప అన్నిటిమీదా పేర్లే,
చుక్కలు చుక్కలుగా చెక్కినవి.
బిందెమీద తాత.
గుండిమీద నాయిన, పక్కన పెళ్లి తారీఖు.
పెద్దన్న పుట్టువెంట్రుకలకి మేనమామ పెట్టిన చెంబు.
సుగుణత్త పెళ్లికని కొంటే
ఆ పెళ్లి తప్పిపోయి మాకే మిగిలిన సర్వ.
అమ్మకి చదువు రాదు,
సొట్టల్ని బట్టి పేర్లు చదివేది.
"మీ నాయిన నిండిండు, సుగుణని జర ఇటు జరుపు"
అనేది, నిద్రకళ్లతో నిలబడ్డ నాతో.
నాయిన పేరు మాత్రం ఎన్నడూ ఆమె నోట రాలేదు.

డిపోలో టైర్లు బిగిస్తూ బిగిస్తూ
ఒక మధ్యాహ్నం నాయిన కూర్చుండిపోయాక
అగర్బత్తీలు చుట్టింది, వెయ్యికి ఏడు రూపాయలు.
మా పుస్తకాలకి, మా జడలకి, అన్నానికి కూడా
సాంబ్రాణి వాసన.
"నాలుగక్షరాలు నేర్వుండ్రి బిడ్డా,
ఈ నల్లచేతులు నాతోనే పోవాలె."

దేవతేం కాదు.
నా కాలేజీ ఫీజుకని దాచిన పైసలు
చిన్నన్న ఆటోకి కట్టేసింది, నన్నడగలేదు.
ఆరునెలలు నేను మాట్లాడలేదు.
ఆ ఆరునెలలూ, నీళ్లు రాని రోజుల్లో కూడా,
నా తలస్నానానికి ఒక గంజు విడిగా ఉండేది,
మూత మీద రాయి పెట్టి.
తప్పయిందని అననూ లేదు.

పోయిన ఆషాఢంలో, బోనాలకి వారం ముందు, పోయింది.
పదకొండో రోజుకి పంచాలని
బేగంబజార్లో నూటయాభై స్టీలు డబ్బాలు తీసుకున్నాం.
చెక్కే మిషన్ దగ్గర కూర్చున్నతను పేరడిగాడు.
"అమ్మ" అన్నాడు పెద్దన్న.
"బస్తీ అంతా పెద్దమ్మనే అంటరు, అదే రాయి" అన్నాడు చిన్నన్న.
"అందరికీ అమ్మలుంటరన్నా, పేరు చెప్పుండ్రి."
రేషన్ కార్డు తీసి చూస్తే అందులో తప్పు పడి ఉంది.
కాగితంమీద నేను రాసిచ్చాను.
"నాలుగే అక్షరాలా?" అన్నాడతను,
అక్షరానికింత అని లెక్క కట్టుకుంటూ.

మిషన్ గుర్రుమంటుంటే అప్పుడు తట్టింది.
యాభై ఏళ్లు ఆమె నింపిన గిన్నెల్లో
ఆమె పేరున్నది ఒక్కటి లేదు.
ఇవి మొదటివి.
వీటిలో ఒక్కటి కూడా ఇంట్లో ఉంచుకోం,
కర్మ డబ్బాలు పంచేయాలి.

పంచిన రాత్రి నల్లా వచ్చింది.
మాలో ఎవరికీ వినబడలేదు.
గోడమీద మూడు దెబ్బలు,
అవతలి నుంచి.

పొద్దున తస్లీమ్ ఆపా గడపలో నిలబడింది,
చేతిలో డబ్బా, అప్పటికే అందులో జీలకర్ర.
"ఇస్పే క్యా లిఖా హై బేటీ?
నాకు తెలుగు రాదు గదా."
చుక్కలమీద వేలు పెట్టి చదివాను,
బా, ల, మ, ణి.

కన్నతల్లిని పేరు పెట్టి పిలవడం
నాకదే మొదలు.
నలభై ఏళ్లుగా "బహెన్" అన్న ఆపా కూడా
నోట్లో ఒకసారి తిప్పుకుంది,
"బాల్‌మణీ",
మూత బిగించింది.