మూత లోపలి అంకెలు

తుక్కు బుట్టలో ఎనిమిది వందల యెన్‌లకు దొరికిందట.
అవొమొరి సంతలో, తడి గోనె మీద,
తెగిన పట్టీలూ ఆగిన ముళ్ళూ కలగలిసిన గుట్టలోంచి
ఇదొక్కటే తనవైపు చూసిందట.
భుజాల మీది మంచు దులుపుకోకుండానే చెప్పాడు
ఉజియె అనే ఆ కుర్రాడు.
"కొత్తదానిలా చెయ్యగలరా బామ్మగారూ?"

నేనేమీ అనలేదు.
కంటికి భూతద్దం తగిలించుకున్నాక నాకు మాట రాదు.

షోవా నలభై మూడో ఏట పుట్టిన వాచీ.
ఆ ఏడు నేనూ ఈ సువా సరస్సు ఒడ్డు ఫ్యాక్టరీలోనే.
పద్దెనిమిదేళ్ళు, తెల్ల టోపీ,
రోజుకి నూట నలభై వెంట్రుక స్ప్రింగులు సరిచేసే చెయ్యి.
దీనిదీ నేనే సరిచేశానేమో, చెప్పలేను.
కన్నబిడ్డల్లా గుర్తుంటాయంటారు గానీ
ఉండవు.

వారం చక్రం శనివారం దగ్గర బిగుసుకుపోయింది.
నీలిరంగు జపాను అక్షరం సగం, ఇంగ్లీషు శనివారం సగం,
ఎటూ తేల్చుకోలేక చిన్న కిటికీలో ఇరుక్కుని.
పళ్ళ సందుల్లో నూనె ఎండి తుమ్మబంకైంది.
పట్టీ బిగించే చోట తెల్లటి పొడి.
గోడలకి సున్నం కొట్టేవాడెవరో కట్టుకున్నాడు కాబోలు.

మూత విప్పాను.

లోపల, కడుపు వైపు, సూదితో గీసిన అంకెలు.
బాగుచేసినవాళ్ళు ఆనవాలుకి గీస్తారు,
తర్వాత విప్పబోయేవాళ్ళకి తప్ప
ఎవరికీ కనపడని సంతకం.
51. 57. 63.
ఎడమకి ఒరిగిన అంకెలు. ఏడుకి నడుమ అడ్డగీత.

మా వరసలో ఎడమచేతివాడు ఒక్కడే ఉండేవాడు, ఒనొదెరా.
పరదేశపు క్యాటలాగు చూసి
ఏడుకి మొలతాడు కట్టడం నేర్చుకున్నవాడు.
అతని బల్ల మీంచి వచ్చే వాచీలన్నీ కాస్త ముందు నడిచేవి.
మేస్త్రీ తిడితే
"బస్సు తప్పడం కన్నా నయం కదండీ" అనేవాడు.
రాత్రిళ్ళు హాస్టలు మెట్ల మీద గిటారు,
వచ్చిందే మూడు పాటలు, అందులో ఒకటి సగమే.
బ్యాటరీ వాచీలొచ్చి మా బల్లలు ఖాళీ అయిన శీతకాలం
ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.
నాకూ చెప్పలేదు.
నాకెందుకు చెప్పాలి?

అయితే ఉత్తరానికి వెళ్ళాడన్నమాట.

ఒక్కో మర తీసి బెంజీను గిన్నెలో ముంచుతూ
విప్పుతూ విప్పుతూ అక్కడికొచ్చాను.
ఇచ్చిన కీ అంతా ఒక్కసారిగా వెనక్కి జారిపోకుండా
ఆపి ఉంచే కొక్కెం ఒకటుంటుంది.
దాన్ని నెట్టి పట్టే స్ప్రింగు
కంపెనీది కాదు.
ఉక్కుతీగ ముక్క. నువ్వుగింజంత వంపు,
కొస అరగదీసి, నీలం తేలేదాకా కాల్చి.
గిటారుకి అన్నిటికన్నా సన్నని తీగ.

అసలుది నా సొరుగులో ఉంది,
మైనం కాగితంలో, కంపెనీ ముద్రతో,
యాభై ఏళ్ళుగా విప్పని పొట్లం.
కొత్తదానిలా చెయ్యడమంటే ఇది తీసి అది పెట్టడమే.
పొట్లం విప్పాను కూడా.
టీ చల్లారింది.
సరస్సు మీద గడ్డకట్టిన నీరు ఎక్కడో చిట్లింది.

తీగముక్కనే కడిగాను.
దాని చోటు దానికిచ్చాను.

ఒక్కో కెంపుకీ ఆవగింజలో పదోవంతు నూనె.
చివర్న ఊగుడు చక్రాన్ని ఊపిరి బిగబట్టి దించితే
వెనకనుంచి ఎవరో పిలిచినట్టు
ఉలిక్కిపడి నడక మొదలెట్టింది.
మూత బిగించే ముందు 63 కింద నేనూ గీశాను.
ఇప్పుడు రేవా ఏడో ఏడు.
అలవాటు లేని చెయ్యి, అయినా
నడుమ అడ్డగీత తిన్నగానే వచ్చింది.

వారానికి ఉజియె వచ్చాడు. మొహంలో కాస్త వెలితి.
"డయలు మీద మరక అలాగే ఉందే?"
"అది పోదు" అన్నాను. పోతుంది. అబద్ధమాడాను.
"టైము కరెక్టుగా చూపిస్తుందా?"
"రోజుకి పన్నెండు సెకన్లు ముందుంటుంది."
"తగ్గించలేరా?"
"బస్సు తప్పడం కన్నా నయం కదా."

నవ్వాడు. చెవికి ఆనించుకుని విన్నాడు.
కట్టుకుని, టైము చూసుకుని,
అయ్యో అంటూ ఐదింటి బస్సుకి పరిగెత్తాడు.
దానికింకా పావుగంట ఉంది.