టెంకపురుగు

దామలచెరువు మండీలో పద్దెనిమిదేండ్లు కాయలు ఏరినదాన్ని.
తోతాపురి అరచేతిలో తిప్పితే చాలు,
ఎండదెబ్బా, జీడి కారిన మచ్చా, తొడిమ కాడ మెత్తనా
వేళ్ళే చెప్పేస్తాయి.
టెంకపురుగు మాత్రం చిక్కదు.
పిందెప్పుడే దూరతాది. దూరిన బొక్క పూడిపోతాది.
తోలు నున్నగా, కండ గట్టిగా,
టెంకలో దాని కాపురం.

మొగిలప్ప నడుం కింది ఎముకలో అట్లాంటిదే,
నిమ్మకాయంత, అన్నారు తిరుపతిలో.
లారీకి లోడెత్తే మనిషి. నొప్పంటే
ఏడాది పొడుగునా ఉడుకునీళ్ళు పోస్తానే ఉన్నా.

స్కాన్ గది పక్కన నౌషీన్ మేడం
మా ఓపీ చీటీ తిరగేసి గీత గీసింది.
"ఇక్కడ మనం పెట్టే కరెంటు
వాకిట్లోనే చాలా ఖర్చయిపోతాదమ్మా,
లోపలిదానికి కొంత ఇచ్చి
పెరటి దోవన బయటికీ పోతాది.
ఇంకొకటుంది. బరువు కణం.
బొగ్గులో ఉండేదే, కార్బన్."
ఆ గీత నేలబారుగా పోయి పోయి
గట్టు చివర తాటిచెట్టు మాదిరి లేచి
అక్కడే కూలిపోయింది.
"తోలు దాటేటప్పుడు పరుగు, అడుగు ఆనదు.
అలిసి ఆగేచోటే బరువంతా దించుతాది."

నాకు మూటెత్తుకున్న మొగిలప్ప కనబడినాడు.
దోవలో ఎవురికీ తగలడు,
లారీ కాడ ధబ్బున.

"మంచి కణానికి ఒక పోగు తెగితే
తెల్లారేలోగా ముడేసుకుంటాది.
ఇది రెండు పోగులూ ఒకేచోట తెంపుతాది,
గడ్డకి ముడేసేదానికి కొస దొరకదు."

మంచి కండకి ఏమీ కాదా, అన్నా.
పెన్సిలు ఆగింది.
తాటిచెట్టు అవతల సన్నంగా నీడ గీసింది.
"కొంచెం చిందుతాది. దోవలోనూ కొంచెం.
పక్కనే పేగుంటే మిల్లీమీటర్లతో లెక్క."

యాడుంది ఆ మిషను?
జపాను అనింది. ఖర్చూ చెప్పింది.
మామిడిచెట్లు అమ్ముదామనుకునేదానికి
మాకు చెట్లు లేవు, కాయలు ఏరే చేతులే.

రేపట్నుంచి ఇక్కడి కరెంటే. ముప్పైమూడు నాళ్ళు.
నడుం మీద నల్ల ఇంకుతో గుర్తులేసినారు,
తుడపొద్దన్నారు.
కౌంటర్లో ఇయ్యాల్సిన చీటీ
వెనక తాటిచెట్టుతోనే రవికలో పెట్టుకున్నా.

పొద్దుగూకినాక సత్రం మెట్ల మీద కాయ కోసినా.
అలవాటు కొద్దీ టెంక చీల్చబోతే
మొగిలప్ప చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండు మే,
ముందు తిననీ."