కొమ్ము పనివాడు

పర్లాకిమిడి కోర్టు గోడ నీడలో
నా బల్ల, బల్ల మీద మూడు మిషన్లు.
ఒడియా మిషన్‌కి అక్షరాలు అరిగాయి,
ఇంగ్లీషు దానికి రిబ్బను చాలదు,
తెలుగు మిషన్ మీద మాత్రం గుడ్డ కప్పి ఉంటుంది.
కథ తెలుగులోనే చెప్తారు అందరూ,
కాయితం మాత్రం ఇంకో భాషలో అడుగుతారు.

నిన్న తవిటయ్య వచ్చాడు,
ఒక చెయ్యి కర్ర మీద, ఒక చెయ్యి కూతురు సుందరి భుజం మీద.
నలభై ఏళ్లు దున్నపోతు కొమ్ముని సానబెట్టి
దువ్వెన్లూ కొంగలూ రొయ్యలూ తీసినవాడు.
సాన చక్రాన్ని కుడికాలితో తొక్కాలి.
లారీ ఎక్కింది ఆ కాలి మీదే.

"ఎనకనించి వొచ్చీసింది బాబూ. సప్పుడు లేదు.
సంచిలో రొయ్య ఉంది,
దానికి ఒక్క మీసం ఇరగలేదు సూడు."

మహేంద్రతనయ వంతెనకి ఇవతలా, అవతలా?
ఇప్పటికీ తేలలేదు.
తల ఒడిశాలో పడిందని వాళ్లు,
కాళ్లు ఆంధ్రాలో ఉన్నాయని వీళ్లు,
రెండు ఠాణాలు టేపు పట్టి కొలిచాయి.
నెత్తురు మాత్రం వాలున్న వైపు పోయింది.

నేనన్నాను:
ఏ గట్టున పడ్డా నీ కేసు నీ ఊళ్లోనే వేసుకోవచ్చు.
లారీ ఏ రాష్ట్రందైనా సరే,
నువ్వు కాపురమున్న చోటి ట్రిబ్యునల్ చాలు.
ఫీజడగని వకీలు కావాలంటే
ఆ మెట్ల కింద న్యాయసేవ గది ఉంది, పన్నెండింటికి తెరుస్తారు.
గడువు ఆరు నెలలు.
నాలుగు, కట్టు విప్పేసరికే పోయాయి.

నంబరు చూసింది శెనక్కాయల గుంటడు.
చదువు రాదు వాడికి,
బొమ్మ గీసినట్టు గీశాడు పొట్లం కాయితం మీద.
చివరిది ఒకటో ఏడో తెలీదు.
బండి దొరక్కపోతే
ముక్కూ మొహం తెలీని బండి పేరున సర్కారు యాభై వేలిస్తుంది.
దొరికితే బీమా వాళ్ల వకీలు లేచి
ఆ వేళప్పుడు రోడ్డు మీద నీకేం పని అంటాడు.
"ఇంటికెల్తన్నాను" అన్నాడు తవిటయ్య
వకీలు నేనే అయినట్టు.

వృత్తి అన్న గడిలో హారన్ వర్కర్ అని కొట్టి ఆగాను.
ఇంగ్లీషులో కొమ్ముకీ హారనుకీ ఒకటే మాట.
పోయినేడు ఒక గుమాస్తా ఇది చదివి, బస్సు మెకానిక్కా అన్నాడు.
చెరిపి, దున్నపోతుని కూడా చేర్చాను.

ఆదాయం?
"కొమ్ము దొరికితే ఉంటాది."
సుందరి సేటు చిట్టా తీసింది,
పదకొండు నెలల లెక్క, పసుపు మరకలతో.
డాక్టర్ల బోర్డు నలభై శాతం వైకల్యం అని రాసింది.
ముసలాయన ఆ కాయితాన్ని తిరగేసి పట్టుకుని
"మిగిలిన అరవైతో చక్రం తిరుగుద్దేటి?" అన్నాడు.
ఆ ప్రశ్ననే వాక్యం చేశాను:
కాలికి నలభై, కాలితో బతికే పనికి నూరు.
జడ్జీలు ఒప్పుకున్న రోజులున్నాయి,
ఒప్పుకోని రోజులూ ఉన్నాయి.
రెండూ చెప్పాను. సుందరి మొదటిదే విన్నట్టుంది.

సంతకానికి ముందు ఆ పిల్ల
"మా అయ్యకి తెలుగులో ఓ కాపీ" అంది.
గుడ్డ తీశాను.
"గ" దగ్గర సాలెపురుగు కూర్చునుంది.
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టి, చదివి వినిపించాను.
కళ్లు మూసుకుని, సానమీద కొమ్ముని తడిమినట్టు విన్నాడు.

ఒక్కచోట చెయ్యెత్తాడు.
"రోడ్డు దాటుతుండగా అన్నావు."
పోలీసు కాయితంలో అలాగే ఉంది, అన్నాను.
"ఆలు రాసుకున్నారు. నాను దాటలేదు.
వోరన నడుస్తన్నాను. తీసీ."

తీశాను.
మూడు భాషల్లోనూ ఆ పేజీ మళ్లీ కొట్టాలి.
మధ్యాహ్నమైంది.
కర్ర గోడకి ఆనించి ఆయన కూర్చున్నాడు, నేను కాయితం ఎక్కించాను.