అట్ట ముక్క

మండిబజార్ల మోటర్లు చుట్టే యాకూబ్
ఫ్యాను విప్పకుండనే చెప్పిండు:
"వైండింగుకు నాలుగొందల యాభై. కొత్తదే ఆరొందలు."
అవ్వ మనసు ఆ నూటయాభై కాడనే ఆగింది.
మావోడు అప్పటికే ఫోన్ల నొక్కిండు.

తెల్లారి కొత్తవాడకు డబ్బా వచ్చింది.
టేపు చింపకుండ గోరుతోని లేపింది అవ్వ,
అట్ట మడిచి మంచం కింద పెట్టింది.
పాత ఫ్యాను జాలి మీద ఇప్పుడు
మిరపకాయలెండుతున్నయి.

రోహిణి కార్తె రాత్రి కొత్తది మూలిగి ఆగింది.
"రిటర్న్ పెడత, ఇంకోటొస్తది" అన్నడు వాడు నిద్రల.
నేను ఇద్దరి నడుమ పండుకున్న,
ఎవరి దిక్కు తిరగాల్నో తెల్వక.

మంచం కింద చప్పుడైంది.
మా ఇంటి అడ్రసు అంటుకున్న అట్టతోని
అవ్వ విసురుతున్నది వానికి.
నాక్కూడ కొంచెం తగులుతున్నది.