చెమట లెక్క

కత్తిరి పుట్టి పదో రోజు.
కరకంబాడి దాటి, మామిడితోపుల వెనక
బండిబాట అయిపోయే చోట
బూట్ల లేసులు రెండోసారి బిగించాను.
ఏడూ నలభై.
నిన్నటి వేడి ఇంకా దిగనేలేదు రాళ్ళకి,
ఈరోజుది అప్పుడే ఎక్కేసింది,
జ్వరం మీద జ్వరంలా.

నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చాను.
తప్పని తెలుసు.
మొన్న పదకొండో మంచం మీద
ఇటుకబట్టీ కుర్రాడు.
ఒళ్ళు కాలిపోతోంది, చర్మం మాత్రం పొడి.
"చెమటే పట్టలేదు సిస్టర్, బాగుండాడనుకుంటిమి"
అంది వాళ్ళక్క.
చంకల్లో ఐసు ముక్కలు సర్దుతూ
నేనేమీ అనలేదు.

మొదటి కిలోమీటరు.
గాలి లేదు, ఉన్నదంతా తడి.
ఎక్కడో కృష్ణపట్నం అవతల సముద్రం
రాత్రి రైలెక్కి వచ్చి దిగి
ఈ కొండ మొదట్లో కూలబడినట్టుంది.
ఊపిరి పీల్చడం కాదిది,
తడిగుడ్డ నోట్లో కుక్కుకుని నమలడం.
కలివిపొదలు మోకాళ్ళు గీస్తాయి.
జాలారి చెట్ల కింద ఆకులు
అప్పడాల్లా విరుగుతాయి.
కనుబొమల కట్ట తెగి
ఉప్పంతా కళ్ళలోకి.

ఈ కొండకే అటు పక్క మెట్లున్నాయి,
మెట్లకు కప్పుంది, మజ్జిగ పోసేవాళ్ళున్నారు,
అలిసినవాడిని పైకి లాగే గోవిందలున్నాయి.
ఇటు పక్క ఏమీ లేవు.
"ఏం మొక్కుకుంటివమ్మా?" అనడిగాడు పోయినేడు
తోట కావలి చెంగల్రాయులు.
మొక్కు లేదంటే నమ్మలేదు.
"కుక్క తరిమితే తప్ప
ఊరికే ఎవురన్నా పరిగెత్తుతారా?"
ఆ మాటకి జవాబు వెతుక్కుంటూ
ఒక వేసవి అంతా పరిగెత్తాను.
దొరకలేదు.
ఈ వేసవిలో వెతకడం మానేశాను.

నాలుగో కిలోమీటరు ఎక్కుడు.
చేతులు తొడల మీద ఊతం వేసి,
పరుగని నేననుకునే నడక.
పైన ఏనుగుబండ కనబడుతూనే ఉంది,
మహా అయితే మూడొందల అడుగులు.
అప్పుడు లేచాయి
మోచేతుల మీద రోమాలు.
ఎండలో చలి.
నుదురు తుడుచుకుంటే
అరచేయి పొడిగా తిరిగొచ్చింది.

బండరాయికి ఆనుకుని
వార్డులో అడిగినట్టే అడిగాను.
పేరు?
దేశమ్మ.
వయసు?
నలభై మూడు.
ఈరోజు ఏ వారం?
మంగళవారం.

కాదు. బుధవారం.
రాత్రి డ్యూటీవాళ్ళకి
వారం మారడం తెలీదులే అని
సర్దిచెప్పుకోబోయాను.
ఆ అబద్ధాన్ని
ఎన్ని మంచాల పక్కన వినలేదు నేను!
సీసాలో మిగిలిన నీళ్ళు మెడ మీద వొంపి
వెనక్కి తిరిగాను.
బండ వైపు చూడలేదని చెప్పను.
చూశాను, రెండుసార్లు.

దిగడానికి గంటంబావు పట్టింది.
కావలి గుడిసెకు కట్టిన తాటాకు పందిరి కింద
చెంగల్రాయులు నన్ను చూసి
ఏమీ అడక్కుండా
కాళ్ళు ఎత్తుగా పెట్టమని నులకమంచం లాగాడు.
తడి గోనెపట్టా తెచ్చి ఒంటి మీద కప్పాడు.
రాగంబలి, నలిపిన ఎర్రగడ్డ,
"ఉప్పు జాస్తి ఏసినా, తాగు."
రోడ్డు మీద తోతాపురి లారీ ఒకటి
గేరు మార్చడానికి తంటాలు పడుతోంది.

"బండ కాడికి పోలేదా ఈపొద్దు?"
"లేదు."
"ఇరవై రెండేండ్లుగా ఈడే ఉండా,
నేనూ ఎప్పుడూ పోలా.
ఏముంది ఆడ?"
కాసేపు ఆలోచించాను.
"బండ."
తలూపాడు, తను అనుకున్నదీ అదే అన్నట్టు.

బనీను మీద ఆరిన ఉప్పు
ఎవరో సగంలో వదిలేసిన ముగ్గులా ఉంది.
రెండో చెంబు కిందికొస్తుండగా
మెడ వెనక ఒక చుక్క పుట్టింది.
చీమలా నిదానంగా
వెన్నెముక ఒక్కో పూస దిగుతోంది.

తుడుచుకోలేదు.
దాని వెనకే ఇంకొకటి వస్తుందేమోనని
కదలకుండా పడుకున్నాను.