వీపు వెనక వేళ్ళు

లబ్బక్‌లో గాలికి సెలవు లేదు.
పత్తి ఏరే నెలల్లో తెల్లటి పీచు ఎగిరొచ్చి
టెన్నిస్ కోర్టు కంచెలో చిక్కుకుంటుంది.
పైకి విసిరిన బంతి
విసిరిన చోటికే దిగుతుందని నమ్మకం లేదు.

ఆ గాలిలో మా కోచ్ ఎల్డన్ ట్రాస్క్.
యాభై రెండేళ్ళు, కుడి మోకాలికి రెండు కోతలు.
వ్యాను తాళాలూ బంతుల బుట్టా నీళ్ళ డబ్బాలూ
అన్నీ ఆయనే మోస్తాడు.
అంతకుముందు పదకొండేళ్ళు
డబుల్స్ ఆడాడు. డబుల్స్ మాత్రమే.

ఏ పట్టికలోనూ ఆయన పేరు ఒంటరిగా లేదు.
ట్రాస్క్, ఒక ఏటవాలు గీత, ఫొంటానా.
బ్రెజిల్‌లో కురిటీబా ఊరివాడు, ఎడమచేతి రెనాటో ఫొంటానా.
గెలిచిన చెక్కులో సగం, హోటల్ గదిలో సగం,
గురక మాత్రం మొత్తం నాకే ఇచ్చేవాడు, అంటాడు కోచ్.
బాగా ఆడిన ఏడు నలభై మూడో ర్యాంకు.
సాయంత్రం, చిట్టచివరి కోర్టు,
చూసేవాళ్ళు పదకొండు మంది,
పావురాలు ఇంకొంచెం ఎక్కువ.

రెనాటో భుజం పోయాక
రెండేళ్ళలో నలుగురితో ఆడి చూశాడు.
పెళ్ళిలో చెప్పులు మారిపోయినవాడు
ఇంటిదాకా నడిచినట్టు ఆడి ఉంటాడు.
ఈ పోలిక నాది. ఆయన అన్నది ఇంతే:
"నాలుగూ మంచి భుజాలే. ఒక్కటీ నాకు వినపడలేదు."

నేను సింగిల్స్ కోసం వెళ్ళినదాన్ని.
గుంటూరులో గోడకేసి ఒక్కదాన్నే కొట్టుకుంటూ పెరిగాను.
మొదటి వారమే నన్ను
ఎస్తోనియా పిల్ల మారిట్ పక్కన నిలబెట్టాడు.
మారిట్ రోజుకి తొమ్మిది మాటలు మాట్లాడుతుంది,
వాటిలో రెండు సారీలు.

మధ్యలోకొచ్చిన బంతి ఎవరిది?
మీరు కానివ్వండంటే మీరు కానివ్వండనే వియ్యంకుల్లా
ఇద్దరం ఆగిపోయాం.
అది మా మధ్యనుంచి మర్యాదగా వెళ్ళిపోయింది.

"మీ భాషలో అరవండి," అన్నాడు కోచ్,
"అవతలివాళ్ళకి అర్థం కాకూడదు."
నాది, అని నేర్పాను. నీది, అని నేర్పాను.
మూడో రోజుకల్లా మారిట్ "నాదీ!" అని
గట్టు తగాదాలో మా మేనత్తలా అరిచింది.
ఇద్దరిదీ అయితే ఏమంటారు, అని కోచ్ అడిగాడు.
మాకు రెండున్నాయి, అన్నాను.
మాది అంటే మీరు బయట.
మనది అంటే మీరూ లోపలే.
ఆయన చాలాసేపు రాకెట్ తీగలు సర్దుకున్నాడు.
"రెనాటోకి చెప్పాలి," అన్నాడు.

కాలేజీ పోటీల్లో డబుల్సే ముందు.
మూడు కోర్టులకీ కలిపి ఒక్క పాయింటు,
జనం వచ్చి కూర్చునేసరికి అయిపోతుంది.
కురిటీబా నుంచి ఫోను ఆ ఒక్క పాయింటు కోసమే.
సింగిల్స్ ఎవరు గెలిచారో
రెనాటో ఎప్పుడూ అడగలేదు.

మార్చిలో ఆ పాయింటు పోగొట్టింది నేనే.
చివరి సర్వీసు రెండుసార్లూ నెట్‌కే.
గాలి అని చెప్పబోయి ఊరుకున్నాను.

అందరూ వెళ్ళాక ఖాళీ కోర్టులో,
నెట్ దగ్గర, కుడివైపు,
అటు తిరిగి నిలబడి ఆయన ఫోన్లో మాట్లాడుతున్నాడు.
ఓడాం, అని మూడుసార్లు చెప్పాడు,
లైను బాగా లేదేమో.
ఎడమచెయ్యి నడుం వెనక.
వేళ్ళు కదులుతున్నాయి.

తెలిసి చేసే పని కాదది.
క్యాంటీన్ వరుసలోనూ చూశాను,
విమానాశ్రయంలో బ్యాగుల కోసం నిలబడ్డప్పుడూ చూశాను,
వెనక ఎవరూ లేనప్పుడు కూడా.
ఒక వేలు: మధ్యగీత మీదికి కొట్టు.
తర్వాత అరచెయ్యి తెరుచుకుంది:
నేను దాటుతాను.

బుట్ట అడుగున ఒక బంతి మిగిలి ఉంది.
బేస్‌లైన్ దాకా చప్పుడు కాకుండా నడిచి
గాలి తగ్గుతుందేమోనని చూడకుండా
మధ్యగీత మీదికి కొట్టాను.

ఆయన వెనక్కి చూడలేదు.
ఫోను చెవి దగ్గర ఉండగానే
ఆ మోకాలితోనే
రెండడుగులు ఎడమకి దాటాడు.